ఇరవై ఏళ్ల రియోహా సీసా తెరిచే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్పెయిన్ ఉత్తర భాగంలో ఏబ్రో నది పొడవునా పరుచుకున్న రియోహా ప్రాంతపు ఎర్ర వైన్ గురించి, అందులోనూ ఏళ్ల తరబడి పీపాల్లోను సీసాల్లోను పరిపక్వమైన పాత వైన్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఇంత పాత వైన్‌ను కూడా కొత్త వైన్ తాగినట్టే తాగితే ఏం పోతుందన్న సందేహం చాలా ఉత్తరాల్లో కనిపించింది. చాలా పోతుందని నా అభిప్రాయం. అందుకే సీసా తెరవడం, రుచి చూడడం అనే రెండు విషయాలకు ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: మావారు పదవీ విరమణ చేసినప్పుడు ఆయన సహోద్యోగులు 2005 నాటి రియోహా గ్రాన్ రెసెర్వా సీసా ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఇంత పాత వైన్ మేమెప్పుడూ తెరవలేదు. ఇంకా కొన్నేళ్లు దాచాలా, ఇప్పుడే తెరవవచ్చా? తెరిచేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: ఇప్పుడే తెరవండి. గ్రాన్ రెసెర్వా అంటే కనీసం ఐదేళ్లు పరిపక్వమైన వైన్. రియోహాలో ఏ సంవత్సరం పంట ఎలా ఉందో అక్కడి నియంత్రణ మండలి ఏటా ప్రకటిస్తుంది. 2004, 2005 పంటలు రెండింటికీ ఆ మండలి ఇచ్చే అత్యున్నత స్థాయి ‘ఎక్సెలెంతె’ దక్కింది. అటువంటి పంట నుంచి మంచి బోదెగా, అంటే వైన్ తయారుచేసే సంస్థ, సిద్ధం చేసిన గ్రాన్ రెసెర్వా ఇరవై ఏళ్ల వయసులో నిండుగా ఉంటుంది. మరికొన్నేళ్లు నిలిచినా నిలవవచ్చు గానీ, మీ చేతికి వచ్చేలోగా ఆ సీసా ఎన్ని చేతులు మారిందో, ఎంత వేడికి గురైందో మీకు తెలియదు కాబట్టి దాచి పందెం కాయడం కంటే తాగడమే మేలు. బోదెగా వాళ్లే వైన్‌ను ఏళ్ల తరబడి తమ నేలమాళిగల్లో ఉంచి, తాగడానికి సిద్ధమైన తరువాతనే అంగడికి పంపడం రియోహా సంప్రదాయంలో నాకు అన్నిటికంటే నచ్చే గుణం. కొన్నవారు మళ్లీ ఓ పదేళ్లు కాచుకుని కూర్చోవలసిన అవసరం ఉండదు.

సీసాను తెరవదలచుకున్న రోజుకు ఒకటి రెండు రోజుల ముందే నిలువుగా నిలబెట్టండి. పడుకోబెట్టి ఉంచిన సీసా పక్కకు పట్టిన మడ్డి అడుక్కి దిగడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఈ మడ్డి పాడైపోవడానికి గుర్తు కాదు. ద్రాక్ష తొక్కల నుంచి వచ్చిన రంగు పదార్థాలు, వగరునిచ్చే టానిన్లు ఏళ్ల మీద ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి కిందికి దిగుతాయి. వాటితో పాటు టార్టారిక్ ఆమ్లపు లవణాలు చిన్న చిన్న స్ఫటికాలుగా కనిపించవచ్చు. ఏవీ హాని చేయవు, కానీ నోట్లో ఇసుకలా తగిలి రుచిని చెడగొడతాయి.

వైన్ 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు తాగాలి. ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలన్న మాట చలిదేశాల పాత ఇళ్ల గదులను బట్టి పుట్టింది గనుక టెక్సస్ వేసవిలో ఆ లెక్క పనికిరాదు. సీసాను అరగంట సేపు ఫ్రిజ్‌లో నిలువుగానే ఉంచి తీస్తే సరిపోతుంది. వైన్ వేడిగా ఉంటే అందులోని సారా (ఆల్కహాల్) ఘాటు ముందుకు వచ్చి, ఇరవై ఏళ్లలో కూడిన సున్నితమైన వాసనలన్నిటినీ కప్పేస్తుంది. మరీ చల్లగా ఉంటే ఆ వాసనలు బయటికే రావు.

బిరడా విషయంలో తొందరపడవద్దు. ఇరవై ఏళ్లు వైన్‌లో నానిన బిరడా మెత్తబడి, మామూలు మరతీగ (కార్క్‌స్క్రూ) గుచ్చి లాగగానే విరిగిపోవచ్చు. బిరడాకు రెండు పక్కలా సన్నని రేకులు దించి మెల్లగా తిప్పుతూ పైకి తీసే రెండు కాళ్ల పరికరం దుకాణాల్లో దొరుకుతుంది, పాత సీసాలకు అదే ఉత్తమం. ఒకవేళ బిరడా ముక్కలై లోపల పడినా బాధపడకండి. శుభ్రమైన సన్నని జాలీలో వడకట్టుకోవచ్చు.

మరో పాత్రలోకి ఒంపాలా వద్దా అన్న విషయంలో వైన్ ప్రియుల మధ్య ఏకాభిప్రాయం లేదు. నా సలహా ఇది: మడ్డిని వేరుచేయడానికి మాత్రమే ఒంపండి, అది కూడా వడ్డించబోయే ముందే. సీసా మెడ వెనుక ఒక దీపమో టార్చిలైటో పెట్టుకుని, ఒకే ధారగా నెమ్మదిగా ఒంపుతూ, మడ్డి చార మెడ దాకా రాగానే ఆపేయండి. కొత్త వైన్‌ను గంటల తరబడి గాలికి ఉంచినట్టు దీన్ని ఉంచకూడదు. పాత వైన్‌లో గాలికి త్వరగా ఎగిరిపోయే వాసనలే విలువైనవి, వాటిని గ్లాసులో పట్టుకోవాలి గానీ ఖాళీ గదికి ఇచ్చేయకూడదు. గ్లాసు పొట్ట వెడల్పుగా, అంచు కాస్త లోపలికి తిరిగి ఉండాలి, అందులో మూడో వంతుకు మించి పోయకూడదు.

ప్రశ్న: పాత రియోహా గురించి చదివితే తోలు, పొగాకు, తడిసిన అడవి నేల, దేవదారు చెక్క అని వర్ణనలు కనిపిస్తాయి. ఇవన్నీ వైన్‌లో నిజంగా ఉంటాయా, లేక రాసేవారి కల్పనలా? రుచి చూడడానికి ఒక పద్ధతి అంటూ ఉందా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: వైన్‌లో వీటిని ఎవరూ కలపరు, కానీ ఆ వాసనలు కల్పన మాత్రం కావు. అవి మూడు అంచెల్లో వచ్చి చేరతాయి. మొదటిది పండు నుంచి వచ్చేది. రియోహా ఎర్ర వైన్‌కు ప్రాణం తెంప్రానియో అనే ద్రాక్ష. దానికి తోడుగా గర్నాచా, గ్రాసియానో, మాసువేలో రకాలను కొద్దికొద్దిగా కలుపుతారు. కొత్త తెంప్రానియో నుంచి చెర్రీ, ప్లమ్ వంటి పండ్ల వాసన వస్తుంది. రెండోది పులియబెట్టడం, పీపాలో ఉంచడం వల్ల కలిగేది. ఇక్కడి పీపా పరిమాణం 225 లీటర్లు, సంప్రదాయ బోదెగాల్లో అమెరికా ఓక్ చెక్కతో చేసినవే ఎక్కువ. పీపా తయారుచేసేటప్పుడు పలకలను నిప్పు సెగ మీద కాచి వంచుతారు. ఆ చెక్క నుంచి వెనిలా, లవంగం, ఎండుకొబ్బరి వాసనలు వైన్‌లోకి దిగుతాయి. ఎండుకొబ్బరి వాసనకు ఓక్‌లో ఉండే లాక్టోన్లు అనే పదార్థాలు కారణం, అమెరికా ఓక్‌లో అవి ఫ్రాన్స్ ఓక్ కంటే ఎక్కువగా ఉంటాయి.

మూడోది కాలం ఇచ్చేది. చెక్క సందుల గుండా పీపాలోకి అతి కొద్దిగా గాలి చేరుతూ ఉంటుంది, సీసాలో ఆ కాస్త గాలి కూడా దాదాపు అందదు. ఈ రెండు స్థితుల్లో ఏళ్లు గడిచేకొద్దీ తాజా పండు వాసన తగ్గి, ఎండు అంజీర, ఖర్జూరం వంటి ఎండు పండ్ల వాసనలూ, వాడి మెత్తబడ్డ తోలు వాసనా, రాలిన ఆకుల కింద తడిసిన మట్టి, పుట్టగొడుగు వాసనలూ పైకి వస్తాయి. పొగాకు అన్నప్పుడు కాలుస్తున్న చుట్ట వాసనను ఊహించుకోకూడదు. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బేరనుల పక్కన పెరిగినవారికి, ఆరి మగ్గిన ఆకు నుంచి వచ్చే ఆ తియ్యని వాసన వేరే చెప్పనక్కరలేదు. మన ముక్కుకు తెలిసిన వాసనలతోనే వైన్‌ను గుర్తుపట్టాలి. యూరప్ పుస్తకాల్లో రాసిన పండ్ల పేర్లన్నీ వెతికి వెతికి అలసిపోవలసిన పని లేదు.

పద్ధతి అంటారా, ఉన్నది సులువైనదే. మొదట గ్లాసును తెల్లని కాగితం మీదికి వంచి అంచు రంగు చూడండి. తరువాత గ్లాసును కదపకుండానే ఒకసారి వాసన చూడండి, ఎందుకంటే పాత వైన్‌లో అన్నిటికంటే తేలికైన వాసనలు ఆ మొదటి శ్వాసలోనే తెలుస్తాయి. ఆ తరువాత మెల్లగా ఒక్కసారి తిప్పి మళ్లీ చూడండి. నోట్లోకి ఒక చిన్న గుక్క తీసుకుని, వెంటనే మింగకుండా నాలుక మీద, చిగుళ్ల మీద తిరగనివ్వండి. ఇక్కడ గమనించవలసినవి పులుపు, వగరు, మింగిన తరువాత నిలిచే రుచి. మంచి పాత రియోహాలో పులుపు ఇంకా చురుకుగానే ఉంటుంది, అదే వైన్‌ను ఇన్నేళ్లు నిలబెట్టిన వెన్నెముక. వగరు మాత్రం చిగుళ్లను పట్టి లాగడం మాని, పట్టు బట్టలా జారుతుంది. మింగిన తరువాత రుచి ఎంతసేపు నిలిచిందో గమనించండి, గొప్ప సీసాలను మామూలు సీసాల నుంచి వేరుచేసేది, నా దృష్టిలో, ఈ ఒక్క గుణమే.

మరొక్క మాట. గ్లాసులో పోసిన వైన్‌ను ఒక్కసారి రుచి చూసి తీర్పు చెప్పేయకండి. తెరిచిన వెంటనే కొంచెం ముడుచుకుని, మూసి ఉంచిన గది వాసన వేసే సీసాలు కూడా ఉంటాయి. పావుగంట, అరగంట గడిచేకొద్దీ అవి విచ్చుకుంటాయి. అందుకే పాత వైన్‌ను గ్లాసులోనే, కొంచెం కొంచెంగా, మాటల మధ్యన తాగాలి.

ప్రశ్న: నేను తెరిచిన 1994 రియోహా సీసాలో వైన్ ఎర్రగా లేదు, ఇటుక రంగులో, అంచున దాదాపు నారింజ రంగులో ఉంది. పాడైపోయిందనుకుని పారబోశాను. తప్పు చేశానా? (ఒక పాఠకుడు, లండన్)

జవాబు: రంగును బట్టి మాత్రమే పారబోసి ఉంటే, దురదృష్టవశాత్తు ఒక గొప్ప సీసాను పోగొట్టుకొని ఉండవచ్చు, ఎందుకంటే 1994 కూడా రియోహాకు ‘ఎక్సెలెంతె’ సంవత్సరమే. కొత్త వైన్‌కు ఊదా ఛాయ ఇచ్చే ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు కాలక్రమాన టానిన్లతో కలిసిపోయి, మొదట మాణిక్యపు ఎరుపుగా, తరువాత గోమేధికపు ఛాయగా, చివరికి ఇటుక రంగుగా మారతాయి. ముప్పై ఏళ్ల సీసా ఊదా రంగులో ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

నిజంగా పాడైన వైన్‌ను ముక్కే పట్టిస్తుంది. తడిసి బూజు పట్టిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం వల్ల అలా జరుగుతుంది, లీటరు వైన్‌లో కొన్ని నానోగ్రాములున్నా చాలు, మనిషి ముక్కుకు తెలిసిపోతుంది. ఎంతసేపు గాలికి ఉంచినా అది పోదు. సిర్కా ఘాటు, జిగురు వాసన ముక్కును పొడిస్తే ఆమ్లం పెరిగిపోయిందని అర్థం. పండు గుణమంతా పోయి, నలిగి గోధుమ రంగుకు తిరిగిన ఆపిల్ ముక్క వాసన, చప్పిడి రుచి మిగిలితే గాలి తగిలి వైన్ ముగిసిపోయిందని అర్థం. సీసా మెడలో వైన్ మట్టం బాగా కిందికి దిగి ఉన్నా, బిరడా పక్క నుంచి కారిన జాడ ఉన్నా ముందుగానే అనుమానించవచ్చు. ఈ లక్షణాలేవీ లేని ఇటుక రంగు వైన్‌ను నిశ్చింతగా తాగవచ్చు.

ప్రశ్న: క్రియాంసా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా అన్న పేర్ల మధ్య తేడా ఏమిటి? గ్రాన్ రెసెర్వా ఎప్పుడూ మిగతా వాటికంటే మంచిదేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఎర్ర వైన్ విషయంలో ఇవి ప్రధానంగా వయసుకు సంబంధించిన పేర్లు. క్రియాంసా అంటే కనీసం రెండేళ్లు పరిపక్వమైనది, అందులో ఒక ఏడాది ఓక్ పీపాలో ఉండాలి. రెసెర్వాకు కనీసం మూడేళ్లు, అందులో పీపాలో కనీసం ఏడాది. గ్రాన్ రెసెర్వాకు కనీసం ఐదేళ్లు, అందులో పీపాలో కనీసం రెండేళ్లు, సీసాలో కనీసం రెండేళ్లు. ఇవన్నీ కనీస పరిమితులే. హారో పట్టణంలోని లా రియోహా ఆల్తా సంస్థ తన 904 గ్రాన్ రెసెర్వాను సుమారు నాలుగేళ్లు, 890 గ్రాన్ రెసెర్వాను సుమారు ఆరేళ్లు పీపాల్లో ఉంచుతుంది. 890 అన్నది ఆ సంస్థ 1890లో ఏర్పడినందుకు గుర్తు. 1877లో మొదలైన లోపెస్ దె ఎరేదియా సంస్థ ఇప్పటికీ తన పీపాలను తన పనివాళ్లతోనే చేయించుకుంటుంది.

ఇంతకాలం పీపాల్లో ఉంచే అలవాటు వెనుక ఒక చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను నాశనం చేసినప్పుడు, అక్కడి బోర్దో ప్రాంతపు వర్తకులు వైన్ కోసం రియోహాకు వచ్చారు. 1863లో హారోకు రైలు మార్గం వచ్చింది. వర్తకులకు సరుకు చేరవేయడం సులువైంది, ఆ స్టేషన్ చుట్టూనే పేరున్న బోదెగాలు వెలిశాయి. 1850ల నుంచే మార్కెస్ దె మురియెతా, మార్కెస్ దె రిస్కల్ వంటి సంస్థలు బోర్దో పద్ధతిలో చిన్న ఓక్ పీపాలు వాడడం మొదలుపెట్టగా, ఫ్రాన్స్ రాకపోకలతో ఆ పద్ధతి స్థిరపడింది. 1899లో అదే పురుగు రియోహాకూ చేరింది గానీ, అప్పటికి పీపా ఆ నేల అలవాటులో భాగమైపోయింది.

ఇక మంచిదేనా అన్న ప్రశ్న. మీకు పండు రుచి ఇష్టమైతే, ఆ రాత్రి భోజనంతో తాగడానికే కొంటుంటే, మంచి బోదెగా వారి క్రియాంసా మీకు ఎక్కువ ఆనందం ఇస్తుంది. తక్కువ ధరకు దొరికే గ్రాన్ రెసెర్వాల్లో, పంటలో తగినంత సత్తువ లేకున్నా నిబంధన కోసం పీపాలో ఉంచినవి ఉంటాయి. వాటిలో చెక్క రుచి తప్ప మిగిలేది తక్కువ. పేరు కంటే బోదెగానూ, పంట సంవత్సరాన్నీ చూసి కొనమని చెబుతాను. 1964, 1982, 2001, 2010 సంవత్సరాలు కూడా ‘ఎక్సెలెంతె’ స్థాయి పొందినవే.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఇంట్లో ప్రత్యేకమైన అల్మరా ఏదీ లేదు. పాత వైన్ సీసాను ఎలా భద్రపరచాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: పాత వైన్‌కు కావలసింది 12 నుంచి 14 డిగ్రీల నిలకడైన చల్లదనం, చీకటి, కాస్త తేమ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో వంటింటి అల్మరాలో ఉంచిన సీసా ఒక్క వేసవిలోనే ఉడికినట్టు అవుతుంది, వేడికి వైన్ వ్యాకోచించి బిరడా పక్క నుంచి కారుతుంది కూడా. వైన్ కోసం చేసిన చల్లని అల్మరా లేకుంటే మామూలు ఫ్రిజ్‌లో కింది అరలో కొన్ని వారాలో నెలలో ఉంచవచ్చు, కానీ అక్కడి పొడి గాలికి బిరడా ఎండిపోతుంది కాబట్టి సంవత్సరాలు ఉంచకూడదు. పాత సీసా కొంటే చలికాలంలోనే కొని, ఆ చలికాలంలోనే తెరవడం మంచిది.

ప్రశ్న: మేము గుడ్డు కూడా తినని శాకాహారులం. వైన్ ద్రాక్షతో చేసిందే కదా, శాకాహారమే అనుకోవచ్చా? (ఒక పాఠకుడు, హ్యూస్టన్)

జవాబు: అన్ని సీసాల విషయంలో అలా అనుకోవడానికి వీల్లేదు. వైన్‌ను తేటపరచడానికి, వగరును మెత్తబరచడానికి రియోహాలోని కొన్ని సంప్రదాయ బోదెగాల్లో నేటికీ కోడిగుడ్డు తెల్లసొన వాడతారు. ఆ తెల్లసొన టానిన్లను పట్టుకుని అడుక్కి దిగుతుంది, తరువాత వైన్‌ను దాని మీద నుంచి వేరే పీపాలోకి తీసేస్తారు. దాని జాడ వైన్‌లో ఉండీ ఉండనట్టే అయినా, మీ నియమాన్ని గౌరవించుకోవాలంటే బోదెగా వారి సమాచారం చూడాలి, లేదా పాలు, గుడ్డు సహా జంతు సంబంధ పదార్థాలేవీ వాడలేదని తెలిపే వీగన్ గుర్తు ఉన్న సీసానే ఎంచుకోవాలి. బంకమట్టితో తేటపరిచే బోదెగాలు, అసలు తేటపరచకుండానే సీసాల్లో నింపే బోదెగాలు కూడా ఉన్నాయి.

ప్రశ్న: రోజూ కాస్త ఎర్ర వైన్ గుండెకు మంచిదంటారు. నిజమేనా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ఆ నమ్మకంతో మాత్రం తాగవద్దు. ఆల్కహాల్‌కు సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించింది. తాగే అలవాటు లేనివారు ఆరోగ్యం కోసం మొదలుపెట్టకూడదు, మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగాలి. అలవాటున్నవారు కూడా తక్కువ తాగితే తక్కువ హాని అన్న లెక్క మరచిపోకూడదు.

ప్రశ్న: పాత రియోహాతో ఏం తినాలి? మన మాంసం కూర సరిపడుతుందా? సీసాలో మిగిలిన వైన్‌ను ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: రియోహా వారు దీనికి జోడీగా ఎంచుకునేది గొర్రెపిల్ల మాంసం. కత్తిరించిన ద్రాక్ష కొమ్మలను మండించి, ఆ నిప్పుల మీద చిన్న చిన్న పక్కటెముకల ముక్కలు కాల్చి, ఉప్పు తప్ప మరేమీ వేయకుండా తింటారు. పాత వైన్‌కు అదెందుకు కుదురుతుందంటే, మాంసపు కొవ్వు మిగిలిన వగరును మెత్తబరుస్తుంది, ఎక్కువ మసాలాలు లేకపోవడంతో వైన్ వాసనలకు చోటు దొరుకుతుంది. గొర్రె పాలతో చేసి, కొన్ని నెలలు మాగిన మాంచేగో, ఇదియాసాబల్ వంటి జున్నులు కూడా బాగుంటాయి.

మన గుంటూరు కారం మాంసం కూరతో మాత్రం పాత వైన్‌ను పెట్టవద్దని గట్టిగా చెబుతాను. మిరపకారం వైన్‌లోని సారాను మరింత మంటగా, వగరును మరింత కరకుగా తోపిస్తుంది, మధ్యలో ఆ నాజూకు వాసనలన్నీ అణగిపోతాయి. అలాంటి కూరకు, తాగాలనుకుంటే, కాస్త చల్లబరిచిన కొత్త గర్నాచా నయం. పాత రియోహా తెరిచే రోజున మాంసాన్ని మిరియాలు, కొంచెం ధనియాలు, వేయించిన ఉల్లిపాయలతో, కారం తగ్గించి, నెమ్మదిగా వేపుడులా వండండి. శాకాహారులైతే పుట్టగొడుగులను నేతిలో జీలకర్రతో వేయించి పెట్టుకోవచ్చు, వైన్‌లోని పుట్టగొడుగు వాసనకు అవి చక్కగా పొత్తు కుదురుతాయి. భోజనానికి ముందు ఒక గ్లాసు వైన్ విడిగా, ఏ తిండీ లేకుండా రుచి చూసి ఆ తరువాత వంటకాలు తీసుకురండి.

ఇరవై ఏళ్లు దాటిన వైన్ మర్నాటికి నిలవదనే అనుకోవాలి. కొత్త వైన్‌కు ఒక రోజు గాలి తగిలినా పెద్దగా నష్టం ఉండదు గానీ, దీని వాసనలు రాత్రికి రాత్రే సన్నగిల్లుతాయి. అందుచేత పాత సీసాను ఇద్దరికి కాక నలుగురైదుగురు కలిసిన రోజున తెరవండి. ఒకవేళ మిగిలితే చిన్న సీసాలోకి అంచు దాకా నింపి, బిరడా బిగించి, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటి మధ్యాహ్నంలోగా ముగించండి. మడ్డితో కూడిన అడుగు వైన్‌ను మాత్రం పారేయకుండా వడకట్టి, మాంసం ఉడికేటప్పుడు రసంలో కలిపితే దాని పులుపు, ఎండు పండ్ల రుచి ఆ రసానికి పడతాయి.